వాకిట్ల గీసిన బాణం

2024 డిసెంబర్ 8, ఆదివారం

14 కి.మీ. 2 గంటల 4 నిమిషాలు. మోకాలు మంచిగనే ఉంది.

ఇయ్యాల షబ్బీర్ భాయ్, నేను కలిసి రేస్ రూట్ మొత్తం ఉరికినం. అక్కన్నపేట అవతల రాళ్లకుంట దాక కారుల పోయి, అక్కడినుంచి షురూ. పాత కోట దర్వాజ, దాని ఎనుక బురుజు, మెట్లబాయి, ఊరి నడుమ సందు, సందు దాటినంక రెండు గుట్టల నడుమ బండ్లబాట. మంచుల ఆ గుట్టలు చూస్తే కాళ్ల నొప్పి మర్చిపోయిన. ఆరేండ్ల సంది సిద్దిపేట చెరువుకట్ట మీద తిరిగిందే తిరిగి నాకు యాష్టకొచ్చింది. గిసొంటి తొవ్వ పెట్టుకొని మనం కట్ట మీద ఎందుకు సస్తున్నమో సమజ్ కాలే.

రేస్ పేరు హిల్స్ అండ్ హెరిటేజ్ రన్. రమాకాంత్ పెట్టిండు. ఆయనకు సిమెంట్ దుకాణం ఉంది, మా రన్నర్స్ గ్రూపుకు సెక్రటరీ, టీషర్టులు ఆయనవే కాబట్టి పేరు గూడ ఆయనదే. రూట్ మాత్రం నాది. బ్యానర్ మీద రేస్ డైరెక్టర్ నాగేశ్ అని వడ్డది. నాకు ముప్పై ఎనిమిదేండ్లొచ్చినయ్, పీఈటీ సారు అని తప్ప నన్ను ఇంకోతీరుగ ఎవ్వలు పిలువలే. సంబురమైంది. దాసుకునుడు ఎందుకు.

షబ్బీర్ భాయ్‌కి యాభై తొమ్మిది. పాత బజార్ల రఫూ దుకాణం. పట్టుచీర చినిగినా, కోటు కాలినా, అదే బట్టల నుంచి పోగు తీసి అల్లుతడు. చినిగిన జాగ మళ్ల మనకు దొరకది. నాకు షుగర్ వచ్చిన యేడు, పొద్దుగాల ఐదింటికి గేటు కొట్టి, నన్ను మంచంల నుంచి లేపి కట్ట మీదికి గుంజుకపోయింది గాయనే. స్లోగ ఉరుకుతడు. ఎప్పుడూ ఆఖరికే వస్తడు. ఎన్నడు ఆగడు.

డిసెంబర్ 21, శనివారం, సాయంత్రం

రేపే రేస్. మార్కింగ్ అయిపోయింది. చేతులు, నెత్తి, ముక్కు, అన్నిట్ల ముగ్గుపిండే.

గుట్టల్ల చెట్లకు రిబ్బన్లు కట్టినం. ఊర్ల రిబ్బన్ కడితే పోరగాళ్లు పీకుతరని నేల మీద ముగ్గుపిండితోటి బాణాలు గీసిన. ఊరి చివర తొవ్వ రెండుగ చీలుతది. కుడి దిక్కుది గుట్టల నడుమకు పోతది, అది మనది. ఎడమది పాత క్వారీకి పోతది, అది ఎవ్వలదీ కాదు. ఆ మలుపుల ఆఖరి ఇంటి ముందట నా అంత పొడుగు బాణం గీసి, ఫొటో తీసి గ్రూపుల పెట్టిన. ఇరవై మంది బొటనవేలు చూపిచ్చిన్రు.

ఆ మలుపు కాడ ఒక మనిషిని నిలవెట్టమని షబ్బీర్ భాయ్ అన్నడు. వాలంటీర్లు నాకు తక్కువున్నరు. గంత బాణం ఉంటే గుడ్డోనికి గూడ కనవడతది భాయ్ అన్న. నవ్విండు.

డిసెంబర్ 22, ఆదివారం

షబ్బీర్ భాయ్ దొరికిండు. పానంతోటే ఉన్నడు. ఇంకేం రాయబుద్ది అయితలేదు.

డిసెంబర్ 23, సోమవారం, స్కూల్ల, మూడో పీరియడ్

పిల్లలను గ్రౌండ్ల ఇడిసి రాస్తున్న.

నూటా పన్నెండు మంది ఉరికిన్రు. తొమ్మిదింబావుకు నూటా పదకొండు మంది వచ్చిన్రు. ఆఖరాయన ఎప్పటి లెక్కనే షబ్బీర్ భాయ్, వస్తడు తీ అనుకున్నం. మెడల్స్ ఇచ్చుకుంట ఫొటోలు దిగినం. పదింటికి ఫోన్ చేస్తే కలుస్తలేదు. బైకులు తీసుకొని నలుగురం తిరిగినం. పదకొండున్నరకు ఒక గొర్లకాపరి ఫోన్ చేసిండు, క్వారీ కాడ పెద్దమనిషి వడి ఉన్నడని.

ఎడమ తొవ్వన పోయిండు. రెండు కిలోమీటర్లు పోయినంక ఎవ్వలు కనవడకపోయేసరికి అనుమానమొచ్చి, గుట్టకు అడ్డంగ దిగుదామని సూసిండట. కంకర రాళ్ల మీద కాలు జారింది. కుడికాలు చీలమండ బొక్క ఇరిగింది. నాలుగు గంటలు ఎండల ఉన్నడు. నేను పోయేసరికి నన్ను చూసి, ఫికర్ పెట్టిన మాఫ్ చెయ్ అన్నడు.

దవాఖానల స్ట్రెచర్ మీద పండుకొనే, ఆడ బాణం లేదన్నడు. మొన్న మంచుల నీ వీపు చూసుకుంట ఉరికిన, ఎటు తిరిగినమో చూడలే, ఎడమకో కుడికో తెల్వక రెండు నిమిషాలు నిలవడి ఎతికిన అన్నడు. రమాకాంత్ ఫోన్ తీసి నేను గ్రూపుల పెట్టిన ఫొటో చూపెట్టిండు. నూటా పదకొండు మందికి కనవడ్డది నీకెట్ల కనవడలే అన్నడు. రమాకాంత్ మాట గట్లనే ఉంటది. షబ్బీర్ భాయ్ ఫోన్ చేతుల పట్టుకొని, రెండు వేళ్లతోటి ఫొటో పెద్దగ చేసి చానాసేపు చూసిండు. నా మొఖం దిక్కు చూసిండు. నా చేతితోటి గీసిన భాయ్, ఉండె అన్న.

అయితే నాకే కనవడలేదేమో అన్నడు. మెల్లగ అన్నడు.

బయటికొచ్చినంక ఆయన బిడ్డ అనమ్ ఏడ్చింది. డిగ్రీ అయిపోయి జిరాక్స్ దుకాణంల పనిచేస్తది, గట్టి పిల్ల, ఏడ్వంగ నేను ఎన్నడు చూడలే. వాళ్ల దాదాకు, అంటే షబ్బీర్ భాయ్ నాయినకు గూడ గిట్లనే షురూ అయిందట అంకుల్ అన్నది. ముందుగాల తొవ్వలు మర్చిపోయిండు. ఒకసారి ఇంట్లకెళ్లి పోతే మూడో రోజు దౌల్తాబాద్ బస్టాండ్ల దొరికిండట, ఎప్పుడో సచ్చిపోయిన వాళ్ల అమ్మను అడుగుకుంట. ఆఖరికి షబ్బీర్ భాయ్‌ని గూడ నువ్వు ఎవ్వలు అని అడిగిండట. అబ్బాకు రోగాలంటే భయం లేదు, గీ ఒక్కటంటేనే భయం అన్నది.

డిసెంబర్ 26, గురువారం

ఆపరేషన్ అయింది. ప్లేట్ ఏసిన్రు. డాక్టర్ కాలు గురించి నాలుగు ముక్కలు చెప్పిండు. షబ్బీర్ భాయ్ కాలు గురించి ఒక్కటి గూడ అడగలే. ఎదురుంగ ఉన్నది కనవడకపోతే, ఉన్నదాన్ని లేదనుకుంటే అది కండ్లదా మెదడుదా అని అడిగిండు. హైదరాబాద్‌ల నరాల డాక్టర్‌కు చూపిచ్చుకోమని రాసిచ్చిండు.

డిసెంబర్ 29, ఆదివారం

0 కి.మీ.

రిబ్బన్లు మేకలు తింటున్నయని రాళ్లకుంటోళ్లు ఫోన్ చేస్తే, తీసేద్దామని పొద్దుగాల నాలుగున్నరకు బైల్దేరిన. ఐదున్నరకు ఆ మలుపు కాడికి పోయిన. ఇంకా చీకటే. ఆఖరి ఇంటి ముందట ఒకామె చెంగు నడుముకు చెక్కి, బకెట్ల పెండనీళ్లు చేతితోటి ఎత్తి వాకిలంత సాన్పు చల్లుతుంది.

కారు లైట్ల ఎలుగుల నిలవడి చూసిన. నీళ్లు మట్టి మీద వడే సప్పుడు ఇంటున్న.

ఆమె పేరు యాదలక్ష్మి. బీడీలు చేస్తది. పోయిన ఐతారం ఇక్కడ బాణం గీసి ఉండెనా అని అడిగిన. అది నీదా సారూ అన్నది. ధనుర్మాసం పెద్ద ముగ్గు ఎయ్యాలని నాలుగున్నరకే లేచి బయటికొస్తే, వాకిట్ల తెల్లగ ఏందో గీసి ఉందట. పొడుగ్గ ఒక గీత, మొనకు రెండు గీతలు. మొన ఇంటి మూల దిక్కు. గిట్టనోళ్లు ఎవలో మంత్రం చేసి పోయిన్రనుకున్నదట. రెండు బకెట్ల సాన్పు కొట్టి, చీపురు ఇరిగేదాక ఊడ్చి, దాని మీద తన ముగ్గు ఏసిందట. ఒకలి వాకిట్ల అడుగకుండ ఎట్ల గీస్తరు, చదువుకున్నోళ్లు మీరు, అన్నది.

నా ఇంట్ల శైలజ రోజు చేసే పనే గిది. నా పెండ్లాం చల్లిన తడి వాకిలి దాటుకుంటనే ఆరేండ్ల సంది ఉరుకుడుకు పోతున్న. తడి ముగ్గు తొక్కి తిట్లు తిన్న. సాయంత్రం వాకిట్ల గీసింది పొద్దుగాలకు ఉండదని తెలంగాణల పుట్టిన ఏ పోరన్ని అడిగినా చెప్తడు. నాకు యాదికి రాలే. నూటా పన్నెండు మంది ఉరికే రూట్ గీసినోన్ని.

మిగితోళ్లు ఎట్ల పోయిన్రో గూడ ఇప్పుడు సమజైంది. ముందట పైలట్ బైకుంది. బైకు ఎనుక మొదటోడు, వాని ఎనుక రెండోడు. అందరు ముందటోని వీపు చూసుకుంట ఉరికిన్రు. బాణం ఎవ్వలూ చూడలే, ఎవ్వలికీ అక్కెర పడలే. షబ్బీర్ భాయ్ ఆఖరోడు, ఒక్కడే. ఆయన ముందట వీపు లేదు. బాణం ఎతికినోడు ఆయనొక్కడే. అది లేదని నిజం చెప్పినోడు గూడ ఆయనొక్కడే.

రేపు పోయి చెప్త.

డిసెంబర్ 30, సోమవారం

పోయిన. చెప్పలే.

రమాకాంత్ ముందుగాలనే వచ్చి కూసున్నడు, పండ్లు తెచ్చిండు. షబ్బీర్ భాయ్ మంచం మీద కాలు దిండ్ల మీద పెట్టుకొని ఉన్నడు. ఆయన భార్య ఆబిదా భాభీ చాయ్ ఇచ్చింది. గా బాణం సంగతి ఇగ యాది చేసుకోకు అన్నడు రమాకాంత్, వయసు మీద వడ్డంక అందరికి అయితది అన్నడు. షబ్బీర్ భాయ్ నా దిక్కు చూసిండు. నేను చాయ్ తాగుతున్న. అయితది భాయ్, వయసు గదా, అన్న.

నా నోటితోటే అన్న. ఎవ్వలూ అనిపియ్యలే.

డిసెంబర్ 31, మంగళవారం

చెప్పలే.

2025 జనవరి 2, గురువారం

5 కి.మీ. సగంల వాపసు వచ్చిన.

రమాకాంత్ ఫోన్. మార్చిల మళ్ల రేస్ పెడదామంటుండు, ఐదు వందల మందితోటి, హైదరాబాద్ క్లబ్బులు వస్తయట. రూట్ నీదే, డైరెక్టర్ నువ్వే, షబ్బీర్ భాయ్ కేస్ మనమీద రాలే, సల్లగ దాటినం అన్నడు. ఆ, అన్న.

ఉన్నది రాసుకుంట. నేను మంచోన్నే, కానీ నాకు పేరు కావాలె. పదమూడేండ్లు విజిల్ ఊదుకుంట బతికిన. ఒక్క రూట్ గీసిన, దానికి నాలుగూర్లల్ల పేరొచ్చింది. వాకిట్ల బాణం గీసినోడు అని రేపు గ్రూపంత నవ్వుతది. పేరెంట్స్ నవ్వుతరు. భయమైతుంది. ఇంకే కారణం లేదు. షబ్బీర్ భాయ్ ఇయ్యాల కాకపోతే రేపు తేరుకుంటడు, కాలు మంచిగైతే అన్ని మర్చిపోతడు అని నాకు నేనే చెప్పుకుంటున్న. మర్చిపోతడు అన్న మాట రాసినంక చెయ్యి ఆగింది.

జనవరి 4, శనివారం

అనమ్ వచ్చింది. శైలజ పెండ్లినాటి పట్టుచీర వాపసు తెచ్చి ఇచ్చింది. బీరువా మొలకు తట్టుకొని చినిగితే రఫూకిచ్చినం, నెల కింద. సగం అల్లి ఉంది. సూది చీరకే ఉంది.

అబ్బా అందరి బట్టలు వాపసు పంపుతుండట. ఉన్న పోగు లేదనుకొని ఎవ్వలి చీరనో ఖరాబ్ చేస్తే ఎట్ల, నా కండ్ల మీద నాకు ఎత్బార్ లేదు అంటుండట. నలభై యేండ్ల సంది సూది పట్టినోడు. శైలజ చీర మడత పెట్టుకుంట, పాపం మంచి మనిషికి గా రోగం రావాల్సింది కాదు అన్నది. నేను టీవీ సౌండ్ పెంచిన.

జనవరి 7, మంగళవారం

నిన్న హైదరాబాద్ తోలుకపోయిన్రట. స్కానింగ్‌ల ఏం లేదట, కానీ మొదట్ల స్కానింగ్‌ల కనవడదు అని డాక్టర్ గోలీలు రాసిండట. ముందటి జాగ్రత్త. షబ్బీర్ భాయ్ లాల్చీ జేబుల చిట్టీ పెట్టుకున్నడు, పేరు, బిడ్డ ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్. తనే రాసుకున్నడు. ఇంకా అక్షరాలు వచ్చినప్పుడే రాసుకోవాలె గదా అన్నడట. దుకాణం షట్టర్ మీద కిరాయికి ఇస్తమని కాగితం అంటిచ్చిన్రు. నేను సాయంత్రం అటు దిక్కు పోయి చదివి వచ్చిన.

ఇంటికొచ్చి శైలజకు మొత్తం చెప్పిన. పొయ్యి కాడ రొట్టె చేస్తుంది. సాన్పు సంగతి చెప్పంగనే అట్లనే నిలవడ్డది. నీకు ఎన్నడు తెల్సింది అని ఒక్కటే అడిగింది. చెప్పిన. రొట్టె మాడింది. పండుకునేముందు, రేపు నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా అన్నది.

జనవరి 8, బుధవారం

చెప్పిన.

స్కూల్‌కు లీవ్ పెట్టి పదింటికి పోయిన. షబ్బీర్ భాయ్ కండ్లు మూసుకొని సిద్దిపేట నుంచి హైదరాబాద్ తొవ్వల వచ్చే ఊర్ల పేర్లు వరుసగ చెప్తుండు, అనమ్ కాగితం చూసుకుంట సరిగ్గ ఉన్నయా లేవా అని ఇంటుంది. ఒకటి తప్పిండు. మళ్ల మొదటినుంచి షురూ చేసిండు. రోజు పొద్దుగాల గిదే అన్నది అనమ్.

నేను నిలవడే చెప్పిన. కూసుంటే మళ్ల చాయ్ వస్తది, చాయ్ వస్తే మళ్ల చెప్పలేనని. బాణం లేకుండె భాయ్, నువ్వు చూసింది నిజమే, నీ కండ్లకు ఏం కాలే, నీ మెదడుకు ఏం కాలే, అన్న. యాదలక్ష్మి సంగతి, సాన్పు సంగతి, అన్ని చెప్పిన. నాకు ఏడుపొచ్చింది. అనమ్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

షబ్బీర్ భాయ్ కోపం చెయ్యలే. ఏ ఇల్లు, వాకిలి ఏ దిక్కు, ఎన్నిగంటలకు చల్లింది, మళ్ల మళ్ల అడిగిండు. పోలీసోని లెక్క అడిగిండు. తర్వాత, నా మీద దయ తలిచి అబద్ధం చెప్తలేవు గదా అన్నడు. నా కండ్లతోటి చూస్తనే నమ్ముత, నన్ను ఆడికి తోలుకపో అన్నడు.

జనవరి 10, శుక్రవారం

నిన్న సాయంత్రం పోయి యాదలక్ష్మిని అడిగిన. వాకిట్ల మళ్ల ఒక్క బాణం గీస్త, ఒప్పుకో అవ్వా అన్న. ఎందుకో చెప్పిన. గీసుకో, కానీ పొద్దుగాల నా వాకిలి నాకు కావాలె అన్నది. అదే జాగల, అంతే పొడుగు గీసిన.

పొద్దుగాల మూడున్నరకు షబ్బీర్ భాయ్‌ని కారు ముందటి సీట్ల కూసోవెట్టి, కాలు కింద దిండు పెట్టి తోలుకపోయిన. ఎనుక అనమ్, వాకర్ పట్టుకొని. ఇంటికి ఎదురుంగ కారు ఆపి లైట్లు బంద్ చేసిన. టార్చ్ ఏస్తే బాణం కనవడ్డది. షబ్బీర్ భాయ్ చూసిండు. తల ఊపిండు. కనవడుతుంది అన్నడు.

నాలుగు యాభైకి తలుపు తీసింది. వాకిలంత ఊడ్చింది, బాణం మసకైంది. బకెట్ తెచ్చి చల్లింది. మొదటి చేతికే మొన పోయింది. ఐదు నిమిషాల్ల ఏం లేదు, నల్లగ తడి మట్టి. షబ్బీర్ భాయ్ దిగుత అన్నడు. మేమిద్దరం పట్టుకొని దింపితే వాకర్ తోటి నాలుగడుగులు ఏసి, అక్కడ నిలవడి, టార్చ్ తను పట్టుకొని నేలంత ఎతికిండు. ఒక్క జాగ ఇడవలే. ఆఖరికి, లేదు అన్నడు. గట్టిగ అన్నడు. బిడ్డ దిక్కు తిరిగి మళ్ల అన్నడు, లేదు బేటా. జేబులనుంచి ఆ చిట్టీ తీసి చింపిండు. అనమ్ ఆయన భుజానికి తల ఆనిచ్చి ఏడ్చింది. యాదలక్ష్మి బకెట్ కింద పెట్టి, కూసోండ్రి, చాయ్ పెడత అన్నది. తాగినం.

నాకు ఎంత హల్కగ అనిపిచ్చిందో. అయిపోయింది అనుకున్న.

వాపసు వచ్చేటప్పుడు అనమ్ ఎనుక సీట్ల నిద్రపోయింది. నీకు ఇది ఎన్నడు తెల్సింది అని షబ్బీర్ భాయ్ అడిగిండు. మొన్ననే తెల్సింది అంటే అయిపోతుండె. నోటిదాక వచ్చింది. ఇరవై తొమ్మిది తారీఖు, ఐతారం అని చెప్పిన.

ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకున్నడు. ముప్పైన నువ్వు మా ఇంట్ల చాయ్ తాగినవ్, వయసు అన్నవ్. నాలుగున నీ పెండ్లాం చీర వాపసు పంపిన. ఆరున హైదరాబాద్ పోయిన. అదే రాత్రి గోలీలు షురూ. ఏడున షట్టర్ మీద కాగితం. ఒక్క తారీఖు గూడ తప్పలే. కోపంగ చెప్పలే, లెక్క అప్పజెప్పినట్టు చెప్పిండు.

ఇంటి కాడ దిగినంక గేటు పట్టుకొని నిలవడి చెప్పిండు. బాణం పోవుడు ఎవ్వలి తప్పు కాదు, నువ్వు అప్పుడే చెప్తే దాని మీద నవ్వుకుంటుంటిమి ఇద్దరం. పది రోజులు నేను మా నాయిన లెక్క అయిపోతున్ననని ఏడ్చిన, నువ్వు చూసుకుంట కూసున్నవ్. ఇగ పొద్దుగాల ఫోన్ చెయ్యకు అన్నడు.

జనవరి 11, శనివారం

గ్రూపుల రాసిన. నా ఫొటో కిందనే రాసిన, అందరు చూడాలని. బాణం రాత్రి ఉండె, పొద్దుగాల లేకుండె, తప్పు నాది, పది రోజులు దాసింది గూడ నేనే. డైరెక్టర్ పనినుంచి తప్పుకుంటున్న. రమాకాంత్ ఫోన్ చేసి తిట్టిండు, గిదంత ఎవడు అడిగిండు నిన్ను అన్నడు. నవ్వినోళ్లు నవ్విన్రు. అనుకున్నంత పెద్దగ ఏం కాలే. గీ నవ్వుకు భయపడే నేను అన్ని రోజులు ఆగింది.

జనవరి 27, సోమవారం

దుకాణం తెరిచిండట. శైలజ చూసి వచ్చింది. నన్ను గురించి అడిగిండా అన్న. లేదన్నది.

ఏప్రిల్ 13, ఆదివారం

కట్ట మీద. 6 కి.మీ.

షబ్బీర్ భాయ్ కర్ర పట్టుకొని నడుచుకుంట ఎదురొచ్చిండు. పది అడుగుల దూరంల నన్ను చూసిండు. గుర్తుపట్టిండు. ఆగలే.